2026లో మీరు దేనికోసం ఎదురుచూస్తున్నారు? కొత్త గేములైనా, అప్‌డేట్లయినా సరే

రాత్రి_ప్లేయర్

కొత్త ఏడాది వచ్చేసింది, ఇంక ఆగడం నా వల్ల కాలేదు, అందుకే ఈ థ్రెడ్ మొదలుపెడుతున్నా. 2026లో రాబోయేవి ఒకసారి వరసగా చూడండి. ఫిబ్రవరి 27న రెసిడెంట్ ఈవిల్ రెక్వియెమ్. మే 27న 007 ఫస్ట్ లైట్, హిట్‌మ్యాన్ చేసిన ఐఓ ఇంటరాక్టివ్ వాళ్లే బాండ్ గేమ్ చేస్తున్నారంటే ఇంకేం కావాలి! కార్ల గేమ్ ఫోర్జా హొరైజన్ 6 ఈసారి జపాన్ రోడ్ల మీద. ఏడాది రెండో సగంలో ఇన్‌సోమ్నియాక్ వాళ్ల వుల్వరీన్, దాన్ని 2021లో ప్రకటించినప్పటి నుంచి కాచుకుని ఉన్నాను. ఇవన్నీ అయ్యాక నవంబర్ 19న జీటీఏ 6, అంటే గ్రాండ్ థెఫ్ట్ ఆటో 6.

జీటీఏ 6 రెండో ట్రైలర్ 2025 మే 6న వచ్చింది కదా, దాన్ని నేను ఇప్పటికీ ఆపుకుంటూ ఆపుకుంటూ చూస్తుంటాను. బీచ్ మీద జనం, ఎవరి పనిలో వాళ్లు, ఎండకి మెరిసే చర్మం, ఆటలో మనం నడిపే జంట లూసియా, జేసన్, లూసియా జైలు నుంచి బయటికి వచ్చాక వాళ్లిద్దరి ఆ మాటలు... అదంతా మామూలు పీఎస్5 మీదే రికార్డు చేశామని, అందులో సగం గేమ్‌ప్లే సగం కట్‌సీన్లని (మధ్యలో సినిమాలా నడిచే సీన్లు) గేమ్ చేస్తున్న రాక్‌స్టార్ వాళ్లే చెప్పారు. పైగా ఈ సిరీస్ 3డీలోకి వచ్చాక మెయిన్ గేముల కథలో ఒక అమ్మాయి హీరో అవడం ఇదే మొదటిసారి. లియోనిడా మ్యాప్‌లో మొదటి రాత్రి నేను మిషన్లు ఏవీ ముట్టుకోను, కారు తీసుకుని వైస్ సిటీ అంతా తిరుగుతాను, ముందే నిర్ణయించేసుకున్నా.

మీరు చెప్పండి. కొత్త గేమ్ కావచ్చు, పాత గేమ్‌కి వచ్చే అప్‌డేట్ కావచ్చు. ఒకటే షరతు, ఎందుకో కూడా రాయాలి, ఊరికే పేరు రాసి వెళ్లిపోవద్దు.

సైడ్‌క్వెస్ట్

నాది విచర్ 4, కానీ అది 2027 కంటే ముందు రాదని వాళ్లే చెప్పేశారు కాబట్టి ఈ థ్రెడ్‌లో పనికిరాదు. అయినా చెబుతా. 2024 డిసెంబర్‌లో మొదటి ట్రైలర్‌లో సిరిని చూడగానే లేచి నిలబడ్డాను. ఈసారి కథ ఆమెదే. అంతవరకు నాకు జీటీఏనే.

కాకపోతే బ్రో, ఆ తేదీ నమ్మొచ్చంటావా? మొదట 2025 అన్నారు, తర్వాత 2026 మే 26 అన్నారు, ఇప్పుడు నవంబర్ 19 అంటున్నారు. రెండుసార్లు జరిగింది. మూడోసారి కూడా జరిగితే నా వల్ల కాదు.

పాత_కన్సోల్

తమ్ముడూ, రెండుసార్లు జరిగిందని భయపడకు. ఇదే కంపెనీ చరిత్ర చూడు. జీటీఏ 5 మొదట 2013 వేసవి ముందే వస్తుందన్నారు, చివరికి వచ్చింది సెప్టెంబర్ 17న. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 అయితే అచ్చం ఇలాగే రెండుసార్లు వెనక్కి వెళ్లింది. 2017 అన్నారు, 2018 మొదట్లో అన్నారు, ఆఖరికి 2018 అక్టోబర్ 26న ఇచ్చారు. ఆడిన వాళ్లని అడుగు, ఆ ఆలస్యం గురించి ఇప్పుడు ఎవరైనా మాట్లాడతారా? మంచులో గుర్రం నడిస్తే గిట్టల జాడ పడటం, హీరో ఆర్థర్‌కి గడ్డం పెరగడం, వేటాడిన జంతువుని అలాగే వదిలేస్తే కుళ్లిపోవడం, అదే మాట్లాడతారు.

మా రోజుల్లో గేమ్ ఒకసారి క్యాట్రిడ్జ్‌లోకి ఎక్కితే ఇంక అంతే, అందులో బగ్ ఉంటే ఆ బగ్‌తోనే బతకాలి. అప్పుడు ఆలస్యం చేయడం తప్పనిసరి. ఇప్పుడు తర్వాత సరిచేసే ప్యాచ్ ఇవ్వొచ్చు అన్న ధైర్యంతో సగం ఉడికింది పంపే వాళ్లు చాలామంది ఉన్నారు. అలాంటి కాలంలో "ఇంకా కాలేదు, ఆగండి" అని చెప్పే స్టూడియో మీద నాకు గౌరవం పెరుగుతుంది, తగ్గదు.

నత్తనడక

అన్నా, మీ మాట కాదనను గానీ, ఆలస్యం చేశారు కాబట్టి బాగుంటుంది అనే లెక్క నేను ఒప్పుకోను. సైబర్‌పంక్ 2077 చూడండి. 2020 ఏప్రిల్ 16 అన్నారు, తర్వాత సెప్టెంబర్ 17, తర్వాత నవంబర్ 19 (అవును, జీటీఏకి ఇప్పుడు పెట్టిన రోజే), చివరికి డిసెంబర్ 10. మధ్యలో అక్టోబర్‌లో గేమ్ గోల్డ్ అయ్యిందని, అంటే డిస్కు ముద్రణకి వెళ్లిపోయే వెర్షన్ తయారైందని ప్రకటించారు కూడా, ఆ తర్వాత కూడా తేదీ మార్చారు. ఇంత చేసి వచ్చాక పాత కన్సోళ్ల మీద ఎలా నడిచిందో అందరికీ తెలుసు, సోనీ తన స్టోర్ నుంచే తీసేసింది, 2021 జూన్ దాకా తిరిగి పెట్టలేదు.

అప్పుడు మనం గమనించాల్సింది తేదీ కాదు. విడుదలకి ముందు రివ్యూలు రాసేవాళ్లకి పీసీ వెర్షన్ ఒక్కటే ఇచ్చారు, మామూలు పీఎస్4 మీద ఎలా నడుస్తుందో ఎవరికీ చూపించలేదు. నేను అప్పటి నుంచి ఒకటే చూస్తాను. నా దగ్గరున్న మెషిన్ మీద ఆట నడుస్తుండగా చూపించారా లేదా? చూపిస్తే ఎదురుచూస్తాను. చూపించకపోతే ఎంత మంచి ట్రైలరైనా పక్కన పెట్టేస్తాను. ఈ లెక్కన జీటీఏ 6 పీఎస్5 వాళ్లకి పాసయింది, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ ఉన్నవాళ్లు మాత్రం ఇంకొంచెం ఓపిక పట్టాలి.

రాత్రి_ప్లేయర్

నత్తనడక, ఈ పాయింట్ చాలా బాగుంది. నాది పీఎస్5 కాబట్టి గుండె మీద చెయ్యి వేసుకుని పడుకుంటా. సిరీస్ ఎస్ గురించి నిజమే, దాని మెమరీ తక్కువ, అందులో ఆ జనం ఎలా కనిపిస్తారో నాకూ చూడాలనుంది.

గుహల_రాణి

అందరూ కొత్త గేముల గురించే రాస్తున్నారు, నేను అప్‌డేట్ల తరఫున వచ్చాను. నాకు కొత్త గేమ్ కంటే నేను ఎప్పటి నుంచో ఆడుతున్న ప్రపంచంలోకి కొత్త వస్తువు రావడమే ఎక్కువ ఆనందం. కొత్త గేమ్ అంటే అంతా తెలియని ఊరు. అప్‌డేట్ అంటే నాకు ప్రతి మూలా తెలిసిన చోట ఒకరోజు పొద్దున్నే కొత్త తలుపు కనిపించడం.

మైన్‌క్రాఫ్ట్ 1.18 వచ్చిన రోజు (2021 నవంబర్ 30) నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పటిదాకా ప్రపంచం అడుగు సున్నా దగ్గర ఆగేది, ఒక్కసారిగా మైనస్ 64కి దిగింది, పైన 320కి లేచింది. అన్నిటికంటే నాకు నచ్చింది ఏంటంటే మనం ఎప్పుడో కట్టుకున్న ఇంటి కిందే, అడుగున తవ్వలేని పాత బెడ్‌రాక్ రాయి ఉన్న చోటే, కొత్త గుహలు పుట్టాయి. నా కోట కింద ఎవరూ అడుగుపెట్టని లోతు ఉందని తెలిసి టార్చ్ పట్టుకుని దిగుతుంటే ఆ ఒళ్లు జలదరింపు ఏ కొత్త గేమూ ఇవ్వలేదు. దాన్ని కూడా వాళ్లు ఒకేసారి ఇవ్వలేకపోయారు, కేవ్స్ అండ్ క్లిఫ్స్ అనే ఆ అప్‌డేట్‌ని రెండు ముక్కలు చేశారు, డీప్ డార్క్ అనే లోతైన చీకటి గుహల్ని ఏకంగా 2022లో వచ్చిన 1.19కి నెట్టారు. అప్పట్లో చాలామంది తిట్టారు. కానీ అక్కడుండే వార్డెన్ అనే రాక్షసుడు చీకట్లో చప్పుడు విని వెతుక్కుంటూ రావడం చూశాక, ఆ ఆగడం వల్లే అది అంత బాగా వచ్చిందని నాకు అనిపించింది.

ఇప్పుడు పద్ధతి మారింది కదా, ఏడాదికి ఒక పెద్ద అప్‌డేట్ బదులు చిన్న చిన్న డ్రాపులు. 2025లో నాలుగు వచ్చాయి. వాటిలో జూన్‌లో వచ్చిన హ్యాపీ గాస్ట్ అనే ఎగిరే జీవి నా కట్టడాల పనినే మార్చేసింది. ఎండిపోయిన గాస్ట్‌ని నీళ్లలో పెట్టాలి, పిల్ల గాస్ట్ అవుతుంది, మంచు బంతులు తినిపిస్తే పెద్దదవుతుంది, జీను వేస్తే ఎగురుతుంది, నలుగురు ఎక్కొచ్చు. సర్వైవల్‌లో ఎత్తయిన గోపురం కట్టేటప్పుడు దాని వీపు మీద నిలబడి ఇటుకలు పెట్టుకోవచ్చు. ఇంతకు ముందు పరంజా కట్టుకుని, జారిపడి, సామాన్లు పోగొట్టుకుని ఏడ్చేవాళ్లం.

ఇంక నేను ఎదురుచూసేది మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్‌కి వైబ్రెంట్ విజువల్స్, అంటే వెలుతురు, నీడలు అందంగా చూపించే కొత్త గ్రాఫిక్స్. ఇంకో ఎడిషన్ బెడ్‌రాక్ ఆడేవాళ్లకి అదే జూన్‌లో వచ్చేసింది, వాళ్ల నీళ్ల మీద వెలుతురు చూస్తుంటే అసూయగా ఉంది.

కొత్తగా_వచ్చా

అందరికీ నమస్కారం, నేను ఈ మధ్యే మొదలుపెట్టాను. గుహల_రాణి గారూ, ఒక సందేహం. అప్‌డేట్ వచ్చాక పాత వరల్డ్ తెరిస్తే నేను కట్టుకున్నవి పోతాయా? ఆ భయంతో అప్‌డేట్ నొక్కకుండా కూర్చున్నాను.

గుహల_రాణి

పోవండి, మీరు కట్టినవి ఎక్కడివి అక్కడే ఉంటాయి. కాకపోతే రెండు విషయాలు. కొత్త రకం మొక్కలు, కట్టడాలు లాంటివి మామూలుగా మీరు ఇంకా నడవని చోట్లలోనే పుడతాయి, అంటే మ్యాప్‌లో ఇప్పటికే తెరుచుకున్న భాగంలో కాదు. అందుకే అప్‌డేట్ రాబోతుందని తెలిస్తే నేను కొత్త దిక్కుకి వెళ్లడం ఆపేస్తాను, వచ్చాకే వెళతాను. రెండోది, ఒకసారి కొత్త వెర్షన్‌లో తెరిచాక మళ్లీ పాత వెర్షన్‌లోకి తీసుకెళ్లొద్దు, వరల్డ్ పాడయ్యే ప్రమాదం ఉంది. జావాలో వరల్డ్ మీద ఎడిట్ నొక్కితే బ్యాకప్ చేసే బటన్ ఉంటుంది, అది నొక్కి ఆ ఫైల్‌ని వేరే డ్రైవ్‌లో దాచుకుని అప్పుడు తెరవండి. బెడ్‌రాక్ అయితే వరల్డ్ సెట్టింగ్స్‌లో కాపీ చేసుకోవచ్చు.

ఫ్రేమ్‌రేట్_ఫస్ట్

బ్యాకప్ గురించి ఒక మాట కలుపుతాను, ఇది మైన్‌క్రాఫ్ట్‌కే కాదు, అన్ని గేములకీ. క్లౌడ్ సేవ్ ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు. క్లౌడ్ చేసేది సింక్ మాత్రమే, మీ సేవ్ పాడైతే ఆ పాడైన దాన్నే పైకి పంపిస్తుంది. ఫోల్డర్‌ని చేత్తో కాపీ చేసుకోవడానికి నిమిషం పట్టదు.

మోడ్లు (ఆడేవాళ్లే గేమ్‌కి తయారుచేసే మార్పులు) వాడేవాళ్లు ఇంకా జాగ్రత్త. 2024 మార్చి 19న వ్యవసాయం గేమ్ స్టార్‌డ్యూ వ్యాలీకి 1.6 వచ్చినప్పుడు గేమ్ లోపలి నిర్మాణం బాగా మారింది, ఎన్నో మోడ్లు ఆగిపోయాయి, వాటిని రాసినవాళ్లు పాపం రాత్రింబవళ్లు కూర్చుని సరిచేశారు. వాళ్ల పేజీలకి వెళ్లి "ఇంకా ఎందుకు రాలేదు" అని అరవకండి. వాళ్లకి ఎవరూ జీతం ఇవ్వట్లేదు.

గుహల_రాణి

స్టార్‌డ్యూ పేరెత్తావు, ఇంక నన్ను ఆపలేరు! ఆ గేమ్ మొత్తం మొదట చేసింది ఒక్క మనిషి, ఎరిక్ బరోన్. బొమ్మలు, సంగీతం, కథ, కోడ్ అన్నీ ఆయనే. 2016లో వచ్చిన గేమ్‌కి ఎనిమిదేళ్ల తర్వాత అంత పెద్ద అప్‌డేట్ ఉచితంగా ఇచ్చాడు. కొత్త పొలం, ఎడారిలో పండగ, పీసీలో ఎనిమిది మంది కలిసి ఆడే వీలు. కన్సోల్, ఫోన్ వాళ్లు నవంబర్ దాకా ఆగాల్సి వచ్చింది, అది కాస్త బాధే. ఇప్పుడు 1.7 కూడా ఉంటుందన్నాడు, తేదీ చెప్పలేదు. 2021లో ప్రకటించిన హాంటెడ్ చాకొలేటియర్ కూడా ఇంకా తయారవుతూనే ఉంది. ఆయన నిదానంగా చేసుకోనీ, నాకు తొందర లేదు. ఆ మనిషి ఇచ్చే ప్రతిదీ పూర్తిగా ఉంటుందని నమ్మకం.

బెంచ్‌మీద_కూర్చున్నా

ఎదురుచూడటం గురించి మాట్లాడే హక్కు మా సిల్క్‌సాంగ్ వాళ్లకే ఎక్కువ ఉందనుకుంటా. 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు. మొదట అది హాలో నైట్ అనే గేమ్‌కి అదనపు భాగంగా మొదలై పెరిగి పెరిగి సొంత గేమ్ అయ్యింది. తర్వాత ఏళ్ల తరబడి నిశ్శబ్దం. కొత్త గేములు ప్రకటించే ప్రతి షోకీ ముందు "ఈసారి తప్పకుండా" అనుకోవడం, చివరిదాకా చూడటం, లేకపోవడం. అలాంటిది 2025 ఆగస్టు 21న ఉన్నట్టుండి చెప్పారు, ఇంకో రెండు వారాల్లో, సెప్టెంబర్ 4న అని. ముందస్తు ఆర్డర్లు లేవు, ఎవరికీ ముందుగా రివ్యూ కాపీలు లేవు. ఆ రోజు వచ్చిన జనానికి పీసీ గేములు అమ్మే స్టీమ్ దగ్గర్నుంచి కన్సోల్ స్టోర్ల దాకా అన్నీ తడబడ్డాయి, కొనే బటన్ నొక్కితే ఎర్రర్. కాసేపటికి ఒక్క స్టీమ్‌లోనే ఒకేసారి ఆడుతున్నవాళ్లు 5 లక్షలు దాటారు.

ఎవరికీ ముందుగా ఇవ్వకపోవడం ఎంత గొప్ప పనో చాలామంది గుర్తించలేదు. మొదటి వారం ఏ గైడూ లేదు. ఫలానా గోడ వెనక ఏముంది, ఫలానా బాస్‌ని (పెద్ద శత్రువుని) ఎలా కొట్టాలి అని ప్రపంచంలో ఎవరికీ తెలియదు, అందరం ఒకేసారి చీకట్లో తడుముకున్నాం. ఒకరు దారి కనుక్కుంటే వందమంది కేరింతలు. అలాంటి వారం మళ్లీ ఎప్పుడు వస్తుందో.

ఇప్పుడు నేను కాచుకున్నది సీ ఆఫ్ సారో. సిల్క్‌సాంగ్‌కి 2026లో వచ్చే ఉచిత విస్తరణ, సముద్రం చుట్టూ ఉంటుందని డిసెంబర్‌లో ప్రకటించారు. అడిలైడ్‌లో కూర్చున్న ఆ చిన్న బృందం హాలో నైట్‌కి కూడా ఇలాగే గాడ్‌మాస్టర్ దాకా అన్ని అదనపు భాగాలూ ఉచితంగానే ఇచ్చింది. సిల్క్‌సాంగ్ హీరోయిన్ హార్నెట్ ఓడ ఎక్కితే ఎలా ఉంటుందో ఊహించుకుంటేనే ఒళ్లు పులకరిస్తోంది.

సైడ్‌క్వెస్ట్

బెంచ్ బ్రో, సిల్క్‌సాంగ్ మొదటి ప్యాచ్‌లో మూర్‌వింగ్‌ని, సిస్టర్ స్ప్లింటర్‌ని కొంచెం తేలిక చేశారు కదా, దాని మీద నీ అభిప్రాయం ఏంటి? నా ఫ్రెండ్స్ ఇప్పటికీ దీని మీద కొట్టుకుంటున్నారు.

బెంచ్‌మీద_కూర్చున్నా

నేను ప్యాచ్‌కి ముందే దాటేశాను, అయినా చేసింది మంచిదే అంటాను. అవి ఆట మొదట్లో వచ్చే బాసులు. అక్కడే జనం ఆగిపోతే వెనక ఉన్న అంత పెద్ద ప్రపంచం ఎవరు చూస్తారు? చివరి బాసులని ముట్టుకోలేదు, అది కూడా సరైన పనే. కష్టం ఎక్కడ ఉండాలో తెలిసి మార్చారు.

రంగుల_లెక్క

నేను ఎదురుచూసేది వేరే రకం అప్‌డేట్, ఇక్కడ ఎవరూ దాని గురించి రాయలేదు కాబట్టి నేనే రాస్తాను. నాకు ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు. దీని వల్ల నీలం, ఊదా కూడా నాకు దాదాపు ఒకటే. మీకు తెలుసు కదా, వస్తువులు ఏరుకునే లూట్ గేముల్లో వస్తువు ఎంత విలువైనదో రంగుతోనే చెబుతారు. ఆకుపచ్చ, నీలం, ఊదా, నారింజ. నేను ఎన్ని ఊదా ఆయుధాలని మామూలు నీలం అనుకుని పారేసి ఉంటానో నాకే తెలియదు. మ్యాప్ మీద శత్రువు ఎరుపు, స్నేహితుడు ఆకుపచ్చ అంటే నాకు ఇద్దరూ ఒకటే.

అందుకే కొత్త గేమ్ ప్రకటిస్తే నేను ట్రైలర్ తర్వాత వెతికేది యాక్సెసిబిలిటీ మెనూ, అంటే చూపు, వినికిడి లాంటి ఇబ్బందులు ఉన్నవాళ్లకి సాయపడే సెట్టింగులు. 2020లో లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2 అరవైకి పైగా ఇలాంటి సెట్టింగులతో వచ్చినప్పుడు, చూపు లేనివాళ్లు కూడా శబ్దాల సాయంతో దాన్ని పూర్తి చేశారు. ఫోర్జా హొరైజన్ 5లో 2022 మార్చి అప్‌డేట్‌తో కట్‌సీన్లకి సంజ్ఞా భాష వచ్చింది, తెర మూలలో ఒక మనిషి నిలబడి చేతులతో చెబుతారు. 2023లో వచ్చిన ఫోర్జా మోటర్‌స్పోర్ట్‌లో చూపు లేనివాళ్లు కారు నడిపేలా శబ్ద సూచనలు పెట్టారు. అందుకే హొరైజన్ 6 మీద నా ఆశ, జపాన్ కొండ మలుపుల కంటే ముందు ఆ మెనూ మీద.

గేములు చేసేవాళ్లు ఎవరైనా చదువుతుంటే ఒక్క మాట. తెర మొత్తం మీద ఫిల్టర్ వేస్తే మాకు పెద్దగా ఉపయోగం లేదు, ఆకాశం, మొహాలు అన్నీ వింత రంగుకి మారిపోతాయి తప్ప. ఫలానా గుర్తు ఏ రంగులో ఉండాలో మమ్మల్ని ఎంచుకోనివ్వండి, రంగుతో పాటు ఒక ఆకారం కూడా పెట్టండి. అంతే చాలు.

పాత_కన్సోల్

రంగుల_లెక్క, ఇది రాసినందుకు థ్యాంక్స్. నా చూపు కూడా వయసుతో తగ్గుతోంది, ఇప్పుడు నేను గేమ్ తెరవగానే మొదట సబ్‌టైటిళ్ల సైజు పెంచుతాను. కొన్ని గేముల్లో ఆ అక్షరాలు చీమల్లా ఉంటాయి, సోఫాలో కూర్చుంటే ఒక్క ముక్క కనిపించదు. తర్వాత ప్యాచ్‌లో సైజు మార్చే వీలు ఇస్తే నాకు అది కొత్త మ్యాప్ వచ్చినంత సంతోషం.

ఫ్రేమ్‌రేట్_ఫస్ట్

నేను పీసీ మనిషిని కాబట్టి నవంబర్‌లో మీరందరూ పండగ చేసుకుంటుంటే నేను చూస్తూ ఉండాలి. జీటీఏ 6 ఇప్పటిదాకా పీఎస్5కి, ఎక్స్‌బాక్స్ సిరీస్ కన్సోళ్లకి మాత్రమే ప్రకటించారు. జీటీఏ 5 కన్సోళ్లకి వచ్చిన ఏడాదిన్నర తర్వాత, 2015 ఏప్రిల్‌లో మాకు వచ్చింది. రెడ్ డెడ్ 2 ఏడాది తర్వాత వచ్చింది. నాకు ఇది అలవాటే, ఆగుతాను. వచ్చినప్పుడు మోడ్లతో, పెద్ద ఫ్రేమ్‌రేట్‌తో తనివితీరా ఆడతాను.

పీసీ వాళ్లకి నేను కోరుకునే అప్‌డేట్ ఒకటే, ఆట మధ్యలో ఆ కుదుపులు పోవాలి. కన్సోల్ అంటే ఒకటే రకం చిప్, కాబట్టి షేడర్లు (తెర మీద వెలుతురు, రంగులు గీసే చిన్న ప్రోగ్రాములు) ముందే తయారుచేసి డిస్కులో పెట్టేస్తారు. పీసీలో ఒక్కొక్కరిది ఒక్కో గ్రాఫిక్స్ కార్డు, ఒక్కో డ్రైవర్, అందుకే మన మెషిన్ మీదే వాటిని తయారుచేయాలి. ఆ పని ఆట మధ్యలో చేస్తే కొత్త గదిలోకి అడుగుపెట్టిన ప్రతిసారీ తెర ఒక్క క్షణం ఆగుతుంది. ముందే చేసేస్తే మొదటిసారి తెరిచినప్పుడు కొన్ని నిమిషాలు ఒక గీత నిండుతూ కనిపిస్తుంది. దయచేసి ఆ గీత నిండేదాకా ఆగండి, స్కిప్ చేసి తర్వాత గేమ్ బాలేదని రివ్యూ రాయకండి. డ్రైవర్ మార్చినా, పెద్ద ప్యాచ్ వచ్చినా మళ్లీ చేస్తుంది, అది మామూలే.

ప్రీలోడ్, అంటే విడుదలకి ముందే డౌన్‌లోడ్ చేసుకోవడం, దాని గురించి కూడా చెబుతా, ఎందుకంటే ప్రతి పెద్ద విడుదలకీ "డౌన్‌లోడ్ అయిపోయింది, అయినా ఇంకా ఏదో చేస్తోంది" అని ఎవరో ఒకరు టెన్షన్ పడతారు. ముందుగా వచ్చే ఫైళ్లకి తాళం వేసి ఉంటుంది, లేకపోతే జనం విడుదలకి ముందే తెరిచేస్తారు. సమయం అవ్వగానే తాళం తీయడం మొదలవుతుంది, అప్పుడు పని ఇంటర్నెట్‌ది కాదు, మీ డిస్కుది, ప్రాసెసర్‌ది. పాత హార్డ్ డిస్కు అయితే మళ్లీ డౌన్‌లోడ్ చేసినంత సేపు పట్టొచ్చు. ఎస్ఎస్‌డీలో సరిపడా ఖాళీ ఉంచుకోండి.

కొత్తగా_వచ్చా

ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు, చాలా థ్యాంక్స్ అన్నా. ఇంకో ప్రశ్న. ప్రీ-ఆర్డర్ చేయాలా వద్దా?

నత్తనడక

వద్దు. డిజిటల్ కాపీ అయిపోయేది కాదు, విడుదల రోజు కూడా అదే ఉంటుంది. 2023 డిసెంబర్‌లో ది డే బిఫోర్ అనే గేమ్ వచ్చింది, స్టీమ్‌లో ఎక్కువమంది కోరుకున్న గేముల్లో అది ఒకటి. విడుదలైన నాలుగు రోజులకే స్టూడియో మూతపడుతోందని ప్రకటించారు. 2024లో కాంకర్డ్ ఆగస్టు 23న వచ్చి సెప్టెంబర్ 6న ఆగిపోయింది, కొన్నవాళ్లకి డబ్బు తిరిగిచ్చారు. మనం ముందుగా డబ్బు కట్టినంత మాత్రాన గేమ్ బాగుపడదు.

నేనైతే ఇంకా వెనక ఉంటాను. బాల్డర్స్ గేట్ 3 2023 ఆగస్టులో వచ్చింది, నేను 2025 ఏప్రిల్‌లో ప్యాచ్ 8 వచ్చాకే తెరిచాను. పన్నెండు కొత్త సబ్‌క్లాసులు (పాత్రల రకాలు), క్రాస్‌ప్లే (వేర్వేరు మెషిన్లవాళ్లు కలిసి ఆడటం), ఫోటో మోడ్ అన్నీ కలిపి, ఇదే చివరి పెద్ద ప్యాచ్ అని గేమ్ చేసిన లారియన్ చెప్పాక మొదలుపెట్టా. ఆ హాయి వేరు.

సైడ్‌క్వెస్ట్

నత్తనడకతో సగం ఏకీభవిస్తా. ప్రీ-ఆర్డర్ వద్దు, సరే. కానీ అందరితో కలిసి మొదటి వారం ఆడటంలో ఉన్న ఆ ఊపు రెండేళ్ల తర్వాత దొరకదు, బెంచ్ బ్రో పైన రాసింది చూడు. స్టీమ్‌లో అయితే కొన్న రెండు వారాల లోపు, ఆడింది రెండు గంటల లోపు ఉంటే డబ్బు వెనక్కి ఇస్తారు, కాబట్టి మొదటి రోజే కొన్నా పెద్ద రిస్క్ లేదు. కొన్ని కన్సోల్ స్టోర్లలో మాత్రం డౌన్‌లోడ్ మొదలుపెడితే ఇంక వెనక్కి ఇవ్వరు, అది చూసుకోవాలి.

ఇంకొకటి, మొదటి రోజు చెత్తగా ఉంది కాబట్టి ఎప్పటికీ చెత్తే అనుకోవడం కూడా సరికాదు. సైబర్‌పంక్‌ని పైన తిట్టారు, న్యాయమే. కానీ 2023 సెప్టెంబర్‌లో 2.0 వచ్చాక పోలీసులు, పెర్కులు (పాత్ర నేర్చుకునే నైపుణ్యాలు), కారులోంచి కాల్పులు అన్నీ కొత్తగా రాశారు, వెంటనే ఫాంటమ్ లిబర్టీ అనే విస్తరణ. నేను కొత్త సేవ్‌తో మళ్లీ మొదలుపెట్టి అందులోని డాగ్‌టౌన్‌లో తెల్లవార్లు తిరిగాను. నో మ్యాన్స్ స్కై అయితే ఇంకా పెద్ద కథ. 2016లో అందరూ తిట్టిపోశారు, హలో గేమ్స్ వాళ్లు వాదించకుండా తలవంచుకుని పని చేశారు, 2018లో అసలైన మల్టీప్లేయర్, ఆ తర్వాత ఏటా ఏదో ఒకటి, ఒక్కదానికీ డబ్బు అడగలేదు. 2025 ఆగస్టులో వాయేజర్స్‌తో మన ఓడని మనమే ముక్క ముక్కగా కట్టుకుని, లోపల నడుస్తూ, మధ్యలో ఆకాశంలోకి దూకొచ్చు. అందుకే వాళ్ల తర్వాతి గేమ్ లైట్ నో ఫైర్‌కి తేదీ లేకపోయినా నా లిస్టులో పైనే ఉంది. గ్రహాలు కాదు, భూమి అంత పెద్ద ఒకే ప్రపంచం, అందరం అందులోనే.

రాత్రి_ప్లేయర్

లైట్ నో ఫైర్! దాన్ని ఎలా మర్చిపోతాం. డ్రాగన్ మీద ఎగురుతూ కింద కొండల్ని చూపించే ఆ ట్రైలర్ 2023 డిసెంబర్‌లో వచ్చింది, జీటీఏ 6 మొదటి ట్రైలర్ కూడా అదే నెల. జీటీఏది మొదటి 24 గంటల్లో యూట్యూబ్‌లో 9 కోట్లకి పైగా చూశారు, అందులో ఎన్ని నావో చెప్పను.

ఒక రిక్వెస్ట్, జీటీఏ దగ్గర పడే కొద్దీ లీకులు వస్తాయి, 2022 సెప్టెంబర్‌లో తయారీలో ఉన్న వీడియోలు ఎలా బయటపడ్డాయో చూశాం. దయచేసి ఈ థ్రెడ్‌లో అలాంటివి పెట్టొద్దు. ఆ కథ నేను జేసన్, లూసియాలతో పాటే తెలుసుకోవాలి.

కొత్తగా_వచ్చా

సరే, నేను మొదట రెసిడెంట్ ఈవిల్ రెక్వియెమ్‌తో ఈ ఏడాది మొదలుపెట్టాలనుకుంటున్నా, ట్రైలర్ చూసి భయం వేసింది, అదే నచ్చింది. కానీ ఈ సిరీస్‌లో ఒక్కటి కూడా ఆడలేదు. నేరుగా ఇది ఆడొచ్చా?

పాత_కన్సోల్

ఆడొచ్చు, ఇందులో హీరోయిన్ గ్రేస్ కొత్త పాత్ర, ఆమెతో పాటే నువ్వూ అన్నీ తెలుసుకుంటావు. కానీ ఫిబ్రవరి 27కి ఇంకా టైమ్ ఉంది కాబట్టి 2019లో వచ్చిన రెసిడెంట్ ఈవిల్ 2 రీమేక్ ఆడు. రెక్వియెమ్ మళ్లీ ఆ గేమ్ జరిగే రకూన్ సిటీకే వెళుతోంది, దాని హీరో లియాన్ కూడా ఉన్నాడని డిసెంబర్‌లో చూపించారు. అక్కడి పోలీస్ స్టేషన్ వరండాలు నీకు ముందే తెలిసి ఉంటే కొత్త గేమ్‌లో ఆ ఊరు కనిపించినప్పుడు గుండె ఇంకోలా కొట్టుకుంటుంది. రెక్వియెమ్‌లో కెమెరా ఫస్ట్ పర్సన్ కావాలో థర్డ్ పర్సన్ కావాలో మనమే ఎంచుకోవచ్చు, భయం ఎక్కువైతే థర్డ్ పర్సన్ పెట్టుకో.

కొత్తగా_వచ్చా

ఆర్ఈ2 డౌన్‌లోడ్ పెట్టాను అన్నా. లియాన్‌తో మొదలుపెట్టాలా, క్లెయిర్‌తోనా?

పాత_కన్సోల్

లియాన్‌తో. అది అయ్యాక క్లెయిర్‌తో రెండో రౌండ్ తప్పకుండా ఆడు, అసలు ముగింపు అప్పుడే వస్తుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకో, అడుగుల చప్పుడు ఏ పక్క నుంచి వస్తుందో వినాలి.